హార్మోన్ల వైద్యం, పరిశోధన: సందేహాలు - సమాధానాలు

గత నెల థైరాయిడ్ మాత్రల మీద ఇచ్చిన జవాబులు చూసి చాలామంది ఉత్తరాలు రాశారు. అందులో మందుల సంగతి అడిగినవాళ్లకన్నా, ఆ వైద్యం చేసేవాళ్ల చదువు గురించి, ముఖ్యంగా ఒకపక్క ఓపీ చూస్తూ ఇంకోపక్క పరిశోధన చేసే డాక్టర్ల గురించి అడిగినవాళ్లే ఎక్కువ. నా మనసుకు బాగా దగ్గరైన విషయం కాబట్టి ఈసారి శీర్షికంతా దానికే కేటాయించాను.

ప్రశ్న: డాక్టరుగారికి నమస్కారం. నేను ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా అమ్మకు థైరాయిడ్, నాన్నమ్మకు షుగర్. హార్మోన్ల డాక్టర్ని కావాలని, కొత్త మందులు కనిపెట్టాలని ఉంది. రెండూ ఒకరే చేయొచ్చా? ఎన్నేళ్లు చదవాలి?
– ఒక విద్యార్థిని, తెనాలి

జవాబు: చేయొచ్చమ్మా. రెండూ చేసేవాళ్లు మన దగ్గర తక్కువ. అందుకే నీలాంటి పిల్లలు ముందుకు రావాలి.

ముందు ఏళ్ల లెక్క చెబుతాను. నీట్ రాసి ఎంబీబీఎస్‌లో చేరితే హౌస్ సర్జన్సీతో కలిపి ఐదున్నరేళ్లు. ఆ తర్వాత పీజీ నీట్ రాసి ఎండీ జనరల్ మెడిసిన్ గానీ, పిల్లల వైద్యం గానీ మూడేళ్లు. అదయ్యాక నీట్ ఎస్‌ఎస్ రాసి డీఎం ఎండోక్రినాలజీ ఇంకో మూడేళ్లు. ఢిల్లీ ఎయిమ్స్, చండీగఢ్ పీజీఐ, పుదుచ్చేరి జిప్‌మర్ లాంటి సంస్థలకు ఐఎన్‌ఐ ఎస్‌ఎస్ అని వేరే పరీక్ష ఉంటుంది. మన రాష్ట్రాల్లో హైదరాబాద్ నిమ్స్, ఉస్మానియా, తిరుపతి స్విమ్స్, విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీల్లో ఈ డీఎం ఉంది. ఎక్కడా ఒక్క ఏడాది కూడా పోకుండా నెట్టుకొచ్చినా చదువు ముగిసేసరికి ముప్ఫై ఏళ్లు దగ్గరపడతాయి. పరిశోధనలో చేయి తిరగాలంటే ఆపైన మంచి గురువు దగ్గర ఇంకో రెండు మూడేళ్లు పని చేయాలి. కొందరు ఆ కాలంలో పీహెచ్‌డీ కూడా చేస్తారు.

ఇక కొత్త మందుల సంగతి. పరిశోధన అంటే మందు కనిపెట్టడమొక్కటే కాదు. జబ్బు ఎందుకొస్తోంది, ఎవరికొస్తోంది, ఏ పరీక్షతో ముందుగా పట్టుకోవచ్చు, ఉన్న మందునే ఎంత మోతాదులో ఇస్తే మేలు అనేవి కూడా పరిశోధనే. మందు కూడా ఒక్కరి చేతిమీదుగా రాదు. 1922 జనవరిలో టొరంటోలో లియోనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల కుర్రాడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. ఆ మొదటి ఇంజెక్షన్ శుద్ధిగా లేక పెద్దగా పని చేయలేదు. దాన్ని కాలిప్ అనే బయోకెమిస్టు శుద్ధి చేసి ఇచ్చాక, రెండు వారాలు తిరగకముందే కుర్రాడు తేరుకున్నాడు. ఆ ఇన్సులిన్‌ను తీసిన ఇద్దరిలో బాంటింగ్ సర్జన్, బెస్ట్ ఇంకా విద్యార్థి, ల్యాబ్ ఇచ్చిన మాక్లియోడ్ ఫిజియాలజీ ప్రొఫెసర్. ఈ నలుగురిలో ఏ ఒక్కరు లేకపోయినా ఆ పని అప్పటికి పూర్తయ్యేది కాదు.

ఇప్పటికి నువ్వు చేయాల్సిందల్లా నీట్‌కు చదువుకోవడం, అమ్మ మాత్ర పరగడుపున వేసుకుంటోందో లేదో చూసుకోవడం.

ప్రశ్న: శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు మా ఊళ్లో పుట్టినవారే. అమెరికా వెళ్లబట్టే అంతటివారయ్యారని మా ఇంట్లో అంటారు. నేను ఎంబీబీఎస్ ఆఖరి సంవత్సరం. పరిశోధన చేయాలనుంటే ఇక్కడ ఉండి ప్రయోజనం లేదని సీనియర్లు కూడా చెబుతున్నారు. నిజమేనా?
– ఒక వైద్య విద్యార్థి, భీమవరం

జవాబు: సుబ్బారావు గారు 1923లో బోస్టన్ చేరారు. ఆ రోజుల్లో ఆయన చేయదలచిన పనికి ఇక్కడ చోటు లేదు. దాన్ని నేను కాదనను. కానీ ఆయనలాగే తెలుగువాడైన ఇంకో డాక్టరు కథ మీ ఇంట్లో ఎవరూ చెప్పినట్టు లేరు. అది నేను చెబుతాను.

వులిమిరి రామలింగస్వామి గారు 1921లో శ్రీకాకుళంలో పుట్టారు. విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్, ఎండీ చేశారు. ఆక్స్‌ఫర్డ్‌లో డీఫిల్ పుచ్చుకుని తిరిగొచ్చారు. ఆయన పాథాలజిస్టు. హిమాలయాల అడుగున ఉన్న ఊళ్లలో మెడ దగ్గర గడ్డలతో, అంటే గాయిటర్‌తో, జనం పెద్ద సంఖ్యలో బాధపడుతుండేవారు. అయోడిన్ లేక థైరాయిడ్ గ్రంథి హార్మోన్ తయారు చేయలేకపోవడం, ఆ లోటు పూడ్చుకోవాలని ఉబ్బిపోవడం దీనికి కారణం. కొండ నేలల్లోని అయోడిన్‌ను వేల ఏళ్లుగా మంచు, వానలు కడిగేశాయి. అక్కడ పండే పంటలోనూ, తాగే నీళ్లలోనూ అది ఉండదు.

ఉప్పులో అయోడిన్ కలిపితే సరిపోతుందని అప్పటికే ఇతర దేశాల్లో తెలుసు. మరి మన దేశంలో, మన ఉప్పుతో, మన జనానికి పని చేస్తుందా? ప్రభుత్వం కోట్లమందికి ఒక పథకం పెట్టాలంటే ఎవరైనా దాన్ని రుజువు చేసి చూపాలి. 1956లో, అప్పట్లో పంజాబ్‌లో ఉన్న కాంగ్రా లోయను ఆయన బృందం మూడు మండలాలుగా విడదీసింది. రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, మధ్యనున్న మూడో దానికి మామూలు ఉప్పు సరఫరా చేశారు. బడి పిల్లల మెడలు తడిమి చూస్తూ, మూత్రంలో అయోడిన్ కొలుస్తూ ఏళ్ల తరబడి ఆగారు. అయోడిన్ ఉప్పు అందిన రెండు మండలాల్లో గాయిటర్ తగ్గుముఖం పట్టింది. మామూలు ఉప్పు తిన్నచోట తగ్గలేదు. తర్వాత ఆ మూడో మండలానికి కూడా అయోడిన్ ఉప్పు ఇచ్చారు, అక్కడా తగ్గింది. పూర్తి ఫలితాలు 1973లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వచ్చాయి. ఈలోపు 1962లోనే జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. ఇవాళ మీ వంటింట్లో ఉప్పు పొట్లం మీద ‘అయోడైజ్డ్’ అని కనిపించే మాట వెనక ఆ లోయ ఉంది.

ఈ పనికి ఖరీదైన యంత్రాలకన్నా ఓపిక ఎక్కువ కావాల్సి వచ్చింది. రామలింగస్వామి గారు తర్వాత ఎయిమ్స్ డైరెక్టరుగా, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధిపతిగా పని చేశారు. ఆ పదవులు లేకపోయినా నాకు ఆయన కాంగ్రా పని ఒక్కటే చాలు.

మన కాలపు ఉదాహరణ కావాలంటే పుణె చూడండి. కేఈఎం ఆసుపత్రిలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ 1993 నుంచి చుట్టుపక్కల పల్లెల్లో గర్భిణులను, వాళ్లకు పుట్టిన పిల్లలను ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చారు. మన పిల్లలు ఇంగ్లండ్ పిల్లలకన్నా బరువు తక్కువగా పుడతారు, అయినా ఒంట్లో కొవ్వు మాత్రం ఆ మేరకు తగ్గదని తేల్చారు. 2004లో లాన్సెట్‌లో ఆయన, బ్రిటన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడిన ఫొటో అచ్చయింది. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. సన్నగా కనిపించే మనవాళ్లకు షుగర్ ఎందుకొస్తుందో ఆ ఒక్క ఫొటో చెప్పేస్తుంది. ఈ ప్రశ్న లండన్‌లో కూర్చున్నవాడికి తట్టదు.

ఇంకా దగ్గరికి రావాలంటే తిరుపతి. స్విమ్స్‌లో పనిచేసిన డాక్టర్ సి.వి. హరినారాయణ్ బృందం, ఎండలో పొలం పని చేసే పల్లెవాళ్లకు కూడా విటమిన్ డి చాలినంత లేదని, తిండిలో కాల్షియం బాగా తక్కువని చూపింది. చర్మంలో విటమిన్ డిగా మారే పదార్థాన్ని చిన్న గాజు సీసాల్లో పోసి తిరుపతి ఎండలో పెట్టి, ఏ వేళకు ఎంత తయారవుతుందో కొలిచారు. పదకొండు నుంచి రెండు మధ్య ఎండే బాగా పనికొస్తుందని తేలింది.

నా సలహా ఇది. విదేశాలకు వెళ్లండి, పద్ధతి నేర్చుకోండి. కానీ ప్రశ్నను ఇక్కడి నుంచే పట్టుకెళ్లండి, జవాబుతో ఇక్కడికే రండి.

ప్రశ్న: సార్, ఎంబీబీఎస్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా కాలేజీలో పెద్ద ల్యాబ్ లేదు. ఇప్పటి నుంచే పరిశోధన మొదలుపెట్టే దారి ఉందా?
– ఒక వైద్య విద్యార్థి, కాకినాడ

జవాబు: ఉంది. ఐసీఎంఆర్ వాళ్లు ఎంబీబీఎస్ విద్యార్థులకు ఎస్‌టీఎస్ పేరుతో రెండు నెలల చిన్న ప్రాజెక్టు ఇస్తారు. మీ కాలేజీలోనే ఒక అధ్యాపకుడిని గైడ్‌గా ఒప్పించుకుని దరఖాస్తు పెట్టాలి. కొంత భృతి, చివర్లో సర్టిఫికెట్ ఉంటాయి. నేను వాటికోసం చెప్పడం లేదు. ఒక ప్రశ్నను కాగితం మీద పెట్టడం, ఎథిక్స్ కమిటీ ముందు దాన్ని సమర్థించుకోవడం, లెక్కలు రాసిపెట్టుకోవడం ఇరవై ఏళ్ల వయసులో ఒంటబడితే ఆ అలవాటు జీవితాంతం నిలుస్తుంది.

ఏ ప్రశ్న అంటారా? మెడిసిన్ ఓపీలో థైరాయిడ్‌కు థైరాక్సిన్ మాత్ర వాడేవాళ్ల క్యూ పక్కన నిలబడండి. మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నారని ఒక్కొక్కరినీ అడగండి. కాఫీతో అని ఒకరంటారు, టిఫిన్ తర్వాత అని ఒకరు, ఐరన్, కాల్షియం మాత్రలతో కలిపి ఒకేసారి మింగేస్తామని ఇంకొకరు. టీఎస్‌హెచ్ అంటే థైరాయిడ్ పనితీరు చూపే రక్తపరీక్ష. ఇలా వేసుకునేవాళ్ల టీఎస్‌హెచ్‌కూ, పరగడుపున నీళ్లతో వేసుకునేవాళ్ల టీఎస్‌హెచ్‌కూ తేడా ఎంత? దీనికి ల్యాబ్ అక్కర్లేదు. ఒక నోటు పుస్తకం, కేస్‌షీట్లు చాలు. మీ గైడ్ సంతోషంగా సంతకం పెడతారు.

రెండో పని, ఒక రోజు ఉదయం ఎనిమిదింటికల్లా హార్మోన్ పరీక్షలకు రక్తం తీసే గదికి వెళ్లండి. కార్టిసాల్ పొద్దున ఎక్కువగా, అర్ధరాత్రి అతి తక్కువగా ఉంటుంది. కాబట్టి గొట్టం మీద టైము రాయకపోతే ఆ అంకెకు అర్థమే లేదు. ఏసీటీహెచ్ అనే హార్మోన్ మరీ సున్నితం, రక్తం తీసిన కాసేపటికే విరిగిపోవడం మొదలుపెడుతుంది. అందుకని ముందే చల్లబరచిన ఈడీటీఏ గొట్టంలో రక్తం తీసి, ఐసులో పెట్టి, ఆలస్యం లేకుండా ల్యాబుకు చేర్చి, చల్లని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి ప్లాస్మా వేరు చేస్తారు. ఆ గొట్టం ట్రేలో అరగంట ఎండవేడికి ఉండిపోతే ఏసీటీహెచ్ తక్కువగా వస్తుంది. కార్టిసాల్ ఎక్కువున్న రోగికి ఏసీటీహెచ్ తక్కువ వస్తే మేం అడ్రినల్ గ్రంథిలో కంతి ఉందని అనుమానిస్తాం. అసలు కంతి పిట్యూటరీలో ఉండొచ్చు. గొట్టం మోసిన మనిషి నడక వేగం మీద రోగికి పొట్టలో ఆపరేషనా, ముక్కు గుండానా అన్నది ఆధారపడిన సందర్భాలు ఉంటాయి.

ఇంకో ముచ్చట. జుట్టు ఊడుతోందని బయోటిన్ మాత్రలు పెద్ద మోతాదులో వాడేవాళ్లు ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. కొన్ని ల్యాబ్ కిట్లలో బయోటిన్ ఒక భాగం. రక్తంలో ఆ విటమిన్ ఎక్కువుంటే టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువగా, టీ4 అనే థైరాయిడ్ హార్మోన్ ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. చూసినవాళ్లు ‘హైపర్ థైరాయిడ్’ అనేస్తారు. రోగి మాత్రం నిక్షేపంగా ఉంటాడు. కాగితం ఒకటి చెబుతుంటే ఎదురుగా ఉన్న మనిషి ఇంకొకటి చెబుతున్నప్పుడు ఆగి ‘ఎందుకిలా?’ అని అడగడం నేర్చుకోండి. ఈ వృత్తి అక్కడే మొదలవుతుంది.

ప్రశ్న: డాక్టరుగారూ, మా అబ్బాయి ఎండీ పూర్తి చేశాడు. కార్డియాలజీ సీటు వచ్చే ర్యాంకు ఉండి కూడా ఎండోక్రినాలజీ తీసుకుని పరిశోధన చేస్తానంటున్నాడు. బట్టల వ్యాపారం చేసి చదివించాను. ఇందులో బతుకుతెరువు ఉందా? కొంచెం నచ్చజెప్పండి.
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: నచ్చజెప్పమని ఎవరికన్నారో గానీ, నేను మీకే చెబుతున్నానండీ.

మీ భయంలో నిజం ఉంది. హార్మోన్ల వైద్యంలో స్టెంట్లు, ఆపరేషన్లు లేవు. మాటలు, పరీక్షలు, మందుల చీటీ, అంతే. ఒక్కో రోగి దగ్గర ఎక్కువసేపు కూర్చోవాలి. కాబట్టి కార్డియాలజిస్టు సంపాదనతో పోల్చితే తక్కువే. పరిశోధనకు సగం సమయం పెట్టేవాడికి ఇంకా తగ్గుతుంది. కేంద్ర సంస్థల్లో డీఎం చేసే సీనియర్ రెసిడెంటుకు మూలవేతనం 67,700 రూపాయలు, దానిమీద భత్యాలు. ఆ తర్వాత అసిస్టెంట్ ప్రొఫెసరుగా చేరితే జీతం గౌరవంగా ఉంటుంది, పెన్షన్ పథకం ఉంటుంది. ఇల్లు గడుస్తుంది, పిల్లల చదువులూ సాగుతాయి. నర్సింగ్‌హోం కట్టించడం కుదరకపోవచ్చు.

రోగులు ఉండరేమోనన్న బెంగ మాత్రం పెట్టుకోకండి. ఐసీఎంఆర్ ఇండియాబ్ అధ్యయనం 2023లో ఇచ్చిన అంచనా ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లే 10.1 కోట్లు. దాని అంచున ఉన్నవాళ్లు ఇంకో 13.6 కోట్లు. థైరాయిడ్, పీసీఓఎస్, ఎముకల జబ్బులు వేరే లెక్క. ఎప్పుడు కావాలనుకున్నా మీవాడు మీ ఊళ్లో బోర్డు పెట్టుకుని దర్జాగా బతకగలడు. ఆ దారి అతనికి మూసుకుపోదు. పరిశోధన దారి మాత్రం ఇప్పుడు వదిలేస్తే నలభై ఏళ్లకు మళ్లీ తెరుచుకోవడం కష్టం. ఒక్కటి అడగండి అతన్ని: ఏ ప్రశ్న మీద పని చేద్దామనుకుంటున్నావు అని. దానికి గడగడా చెప్పుకుపోతే ఇంక అడ్డుపడకండి. నీళ్లు నమిలితే అప్పుడు మళ్లీ రాయండి, ఇద్దరం కలిసి నచ్చజెబుదాం.

ప్రశ్న: ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చేశాను. ఎంబీబీఎస్ సీటు రాలేదన్న బాధ ఇప్పటికీ ఉంది. డాక్టర్ని కాకుండా హార్మోన్ల పరిశోధనలో నాకు చోటుంటుందా, లేక డాక్టర్ల కింద టెక్నీషియన్‌గా మిగిలిపోతానా?
– విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: రోజలిన్ యాలో గురించి చదవండి. ఆమె డాక్టరు కాదు, అణు భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ చేసిన మనిషి. న్యూయార్క్ బ్రాంక్స్‌లో మాజీ సైనికుల ఆసుపత్రిలో సోలమన్ బెర్సన్ అనే వైద్యుడితో కలిసి ఇరవై ఏళ్లకు పైగా పని చేశారు. ఇన్సులిన్ ఇంజెక్షన్ తీసుకునేవాళ్ల ఒంట్లో దానికి ప్రతిరక్షకాలు పుడతాయని వాళ్లిద్దరూ కనుక్కున్నారు. అంత చిన్న ప్రొటీన్‌కు ప్రతిరక్షకాలేమిటని పత్రికలు ఆ వ్యాసాన్ని తిప్పికొట్టాయి. శీర్షికలోంచి ఆ మాట తీసేశాకే 1956లో అచ్చువేశారు. అదే సంగతిని ఆధారం చేసుకుని రక్తంలో హార్మోన్‌ను అతి సూక్ష్మంగా కొలిచే రేడియో ఇమ్యునో అస్సే పద్ధతి తయారు చేశారు. దానికి పేటెంట్ తీసుకోలేదు. ఇవాళ మనం చేయించుకునే టీఎస్‌హెచ్ పరీక్షకు మూలం అదే. 1977లో యాలోకు నోబెల్ వచ్చింది. బెర్సన్ అప్పటికి ఐదేళ్ల కిందటే చనిపోయారు.

సీఎస్‌ఐఆర్ నెట్ గానీ, ఐసీఎంఆర్ జేఆర్‌ఎఫ్ గానీ రాయండి. 2023 నుంచి సీఎస్‌ఐఆర్ జేఆర్‌ఎఫ్ నెలకు 37,000 రూపాయలు, ఇంటద్దె భత్యం అదనం. హైదరాబాద్‌లో సీసీఎంబీ, జాతీయ పోషకాహార సంస్థ ఉన్నాయి. చేరేముందు ఒక్క జాగ్రత్త: గైడ్ ఆసుపత్రి డాక్టర్లతో నిజంగా కలిసి పనిచేస్తారో లేదో ఆయన పాత విద్యార్థులను అడిగి తెలుసుకోండి. టెక్నీషియన్‌గా మిగలడమన్నది డిగ్రీ వల్ల జరగదు, తనదంటూ ఒక ప్రశ్న లేకపోవడం వల్ల జరుగుతుంది. అది డాక్టర్లకూ జరుగుతుంది.

ప్రశ్న: మా అమ్మాయి న్యూజెర్సీలో కాలేజీ చదువుతోంది. ఎండీ-పీహెచ్‌డీ అంటోంది. అంటే ఏమిటి? చాలా ఖర్చవుతుందా?
– ఒక తల్లి, అమెరికా

జవాబు: వైద్యవిద్య, పీహెచ్‌డీ కలిపి చేయించే కోర్సు అది, సుమారు ఎనిమిదేళ్లు. అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థ (ఎన్‌ఐహెచ్) 1964 నుంచి ఇందుకు డబ్బిస్తోంది. ఆ నిధులున్న చోట సీటు వస్తే సాధారణంగా ఫీజు ఉండదు, పైగా భృతి ఇస్తారు. పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ లేనివాళ్లకు అవకాశాలు చాలా తక్కువ, అది ముందే చూసుకోండి. తర్వాత ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీ, ఎండోక్రైన్ ఫెలోషిప్ ఉంటాయి. సొంతంగా పెద్ద గ్రాంటు తెచ్చుకునేసరికి నలభై దాటడం అక్కడ మామూలే. అమ్మాయికి ఆ ఓపిక ఉందనిపిస్తే ప్రోత్సహించండి.

ప్రశ్న: కనిగిరి దగ్గర పదేళ్లుగా జనరల్ ప్రాక్టీసు చేస్తున్నాను, ఎంబీబీఎస్ మాత్రమే. ఫ్లోరైడ్ ఊళ్ల నుంచి వంగిపోయిన ఎముకలతో ఎందరో వస్తారు. నాలాంటివాడు పరిశోధనకు పనికొస్తాడా?
– ఒక వైద్యుడు, ప్రకాశం ప్రాంతం

జవాబు: మీ ఉత్తరం చదివి చాలా సంతోషించాను. ఫ్లోరోసిస్ గురించి మన దేశంలో వచ్చిన తొలి వైద్య నివేదికల్లో ఒకటి మీ ప్రాంతం నుంచే వచ్చింది. 1937లో షార్ట్, ఆయన సహచరులు అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి వైపు ఊళ్లలో చూసిన రోగుల గురించి రాశారు. 1973లో జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఫ్లోరైడ్ ప్రాంతాల్లో మోకాళ్లు లోపలికి ఒరిగిపోయిన యువకుల గురించి లాన్సెట్‌లో రాశారు. మీరట్‌లో టియోటియా బృందం ఈ రోగుల్లో కొందరికి పారాథైరాయిడ్ హార్మోన్ బాగా పెరుగుతుందని చూపింది. అంటే మీరు రోజూ చూసేది ఎముకల డాక్టరు జబ్బు మాత్రమే కాదు, హార్మోన్ల జబ్బు కూడా.

మీ దగ్గర ఉన్నది ఏ ప్రొఫెసరుకూ దొరకనిది: అదే ఊరు, అదే కుటుంబాలు, పదేళ్ల పరిచయం. ఇలా చేయండి. ఒక్కో రోగికి ఒక కార్డు పెట్టి వయసు, ఊరు, తాగే నీళ్లు ఎక్కడివి, ఏం తింటారు, ఎప్పటి నుంచి నొప్పులు అన్నవి ఒకే పద్ధతిలో రాయండి. ఊరికి శుద్ధి చేసిన నీళ్లు ఏ ఏడాది వచ్చాయో కనుక్కోండి. ఆ ఏడాదికి ముందు పుట్టిన పిల్లలు, తర్వాత పుట్టిన పిల్లలు, వీళ్ల పళ్లలో, ఎముకల్లో తేడా ఉందా? ఈ లెక్క ఎంతో విలువైనది. స్విమ్స్‌లోనో, మీకు దగ్గరున్న మెడికల్ కాలేజీలోనో ఎండోక్రినాలజీ వాళ్లను కలిసి, వాళ్ల ఎథిక్స్ కమిటీ అనుమతితోనే ముందుకు వెళ్లండి. ఐసీఎంఆర్ చెన్నై సంస్థ నడిపే పరిశోధనా పద్ధతుల ఆన్‌లైన్ కోర్సు ఒకటి ఉంది, పీజీ విద్యార్థులకు అది తప్పనిసరి. మీరూ చేయండి. ఒక్క షరతు, కార్డులు రాసి ఇచ్చేది మీరైతే వ్యాసంలో మీ పేరు ఉండాలని మొదటి రోజే రాతపూర్వకంగా మాట్లాడుకోండి. తర్వాత అడిగితే మొహమాటాలు వస్తాయి.

ప్రశ్న: మేడమ్/సార్, డీఎం రెండో సంవత్సరంలో ఉన్నాను. ఏడాదిన్నర పాప ఉంది. డ్యూటీలే మోయలేకపోతున్నాను. నా సహవిద్యార్థులు వ్యాసాలు అచ్చువేసుకుంటున్నారు. నా పని అయిపోయినట్టేనా?
– పేరు రాయవద్దన్నారు, హైదరాబాద్

జవాబు: కాలేదమ్మా. ఈ రెండేళ్లు థీసిస్ ఒక్కటి శుభ్రంగా చెయ్యండి, చాలు. ఎవరో ఇచ్చిన కేసు రిపోర్టులు పది రాసినదానికన్నా మీ సొంత లెక్కలతో ఒక్క మంచి థీసిస్ విలువ ఎక్కువ. చదువయ్యాక మళ్లీ మొదలుపెట్టేవాళ్లకు దారులున్నాయి. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం మహిళా శాస్త్రవేత్తల కోసం బయోకేర్ పథకం నడిపింది. వైద్యుల పరిశోధనకు ఫెలోషిప్‌లిచ్చే ఇండియా అలయన్స్ కార్యాలయం మీ హైదరాబాద్‌లోనే ఉంది, వెళ్లి మాట్లాడండి.

ఇక మీ సీనియర్లు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్లకూ ఒక మాట. పాలిచ్చే తల్లికి వరుస నైట్ డ్యూటీలు వేసి, ఆ తర్వాత ‘ఆడపిల్లలు పరిశోధనలో నిలవరు’ అని తీర్మానించడం అన్యాయం. ఈ శాఖలో ఓపీకి వచ్చేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. వాళ్ల జబ్బుల మీద ప్రశ్నలు అడిగేవాళ్లలోనూ ఆడవాళ్లు ఉండాలి.

ప్రశ్న: అయ్యా, మా బాబుకు ఐదు నెలలు. పుట్టిన వారానికి పరీక్ష చేసి థైరాయిడ్ లేదని మాత్ర మొదలుపెట్టారు. ఇప్పుడు బాగానే ఉన్నాడు. పరిశోధన కోసమని బాబుదీ, మా ఇద్దరిదీ రక్తం ఇవ్వమని పెద్దాసుపత్రిలో అడుగుతున్నారు. మా అత్తగారు వద్దంటున్నారు. ప్రయోగాలు చేస్తారేమోనని భయంగా ఉంది.
– ఒక తల్లి, ఖమ్మం జిల్లా

జవాబు: ముందుగా, వారానికే పరీక్ష చేసి మందు మొదలుపెట్టడం మీ బాబు అదృష్టం. ఐసీఎంఆర్ ఐదు నగరాల్లో చేయించిన సర్వేలో దాదాపు 1,130 మంది పసిపిల్లల్లో ఒకరికి ఈ లోపం కనబడింది. మొదటి రెండు వారాల్లో మందు మొదలైతే మెదడు ఎదుగుదలకు ఢోకా ఉండదు. నెలల తరబడి ఆలస్యమైతే పోయిన తెలివి తిరిగిరాదు. మడమ మీద సూదితో గుచ్చి తీసిన నాలుగు చుక్కల రక్తంతో ఇది తెలిసిపోతుందని ఎవరో డాక్టర్లు కనుక్కున్నది, వేరే తల్లులు తమ పిల్లల నుంచి తీయనిచ్చిన రక్తంతోనే.

మీ ముగ్గురి రక్తం ఎందుకు అడుగుతున్నారో చెబుతాను. ఎక్కువమంది పిల్లల్లో గ్రంథి సరిగా ఏర్పడకపోవడమే కారణం, అది మళ్లీ వచ్చే అవకాశం తక్కువ. కొందరిలో గ్రంథి ఉన్నా హార్మోన్ తయారుచేసే జన్యువులో లోపం ఉంటుంది. అది తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చి చేరితే, తర్వాతి బిడ్డకు నాలుగింట ఒక వంతు వచ్చే అవకాశం ఉంటుంది. ఆ తేడా తెలియాలంటే ముగ్గురి రక్తమూ చూడాలి. బాబు మీద ఏ కొత్త మందూ ప్రయోగించరు.

అయినా సంతకం పెట్టేముందు అడిగి తెలుసుకోవడం మీ హక్కు. ఒప్పంద పత్రం తెలుగులో ఇమ్మనండి, ఇంటికి తెచ్చుకుని మీ అత్తగారికి చదివి వినిపించండి. ఎంత రక్తం తీస్తారు, పేర్లు బయటికి రాకుండా ఎలా దాస్తారు, ఫలితం మీకు చెబుతారా లేదా, ఖర్చు ఎవరిది అని అడగండి. ఖర్చు మీ మీద పడకూడదు. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందేమో చూడండి, సంతకం పెట్టిన కాగితం ప్రతి ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. ఇష్టం లేకపోతే వద్దనొచ్చు, ఇచ్చాక కూడా మానుకోవచ్చు. మానుకున్నందుకు బాబు వైద్యంలో ఏ తేడా రాకూడదు. వస్తే ఆ కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు. ఇవన్నీ సక్రమంగా ఉంటే మాత్రం ఇవ్వమనే నా మాట.

ఇచ్చినా ఇవ్వకపోయినా మాత్ర ఒక్క రోజు కూడా ఆపకండి. పొడి చేసి చెంచాడు నీళ్లలోనో, తల్లిపాలలోనో కలిపి పట్టండి, సీసా నిండా పాలలో కలపొద్దు. ఐరన్, కాల్షియం చుక్కలు అదే సమయంలో వేయకుండా నాలుగు గంటలు ఎడం పాటించండి. మూడేళ్లు నిండేలోపు మాత్ర మానేసి చూద్దామని ఎవరు చెప్పినా వినకండి. డాక్టరు చెప్పిన తేదీకి టీఎస్‌హెచ్ పరీక్షకు తప్పకుండా వెళ్లండి.